తాడు లాగినవాడికే దెయ్యం కనిపించాలి

హైదరాబాద్ శివార్లలో ఒక వినోద పార్కు. ఆదివారం మధ్యాహ్నం. రైడ్ ఎక్కడానికి నలభై నిమిషాలుగా లైన్లో నిలబడి ఉన్నాను. నా ముందున్న కాలేజీ కుర్రాళ్లు రీల్స్ చూడటం అయిపోయింది, ఒకరి ఫొటోలు ఒకరు తీసుకోవడం అయిపోయింది, ఇక ఒకరినొకరు తోసుకోవడం మొదలుపెట్టారు. లైను ఒక మలుపు తిరిగింది. అక్కడ గోడకి చేరేసి ఒక పాత గోనెసంచి ఉంది. నేను దాన్ని దాటుతుండగా ఆ సంచి లేచి నిలబడింది.

నేను పెట్టిన కేకకి నా వెనకున్న పాప కేక పెట్టింది. ఆ పాప కేకకి వాళ్ల నాన్న చేతిలోని పాప్‌కార్న్ గాల్లోకి లేచింది. లైనంతా గొల్లున నవ్వింది. గోనెసంచి నా చెవి దగ్గరికి వంగి, ఇంకెవరికీ వినపడకుండా అడిగింది: "ఏరా, మామ్మ సున్నుండలు ఇచ్చి పంపిందా?"

వాడు మా ఊరివాడే. పామిడిముక్కలలో మా వీధిలోనే ఇల్లు. ఇంటర్ దాకా ఇద్దరం ఒకే సైకిల్ మీద తిరిగాం. ఇంజినీరింగ్‌లో నేను కంప్యూటర్ సైన్స్, వాడు మెకానికల్. ఫైనలియర్లో నాకు క్యాంపస్ సెలక్షన్ వచ్చింది, వాడికి రాలేదు. "హైదరాబాద్‌లో ఒక పార్కులో చేస్తున్నా, టికెట్ కౌంటర్ దగ్గర" అని నాతో చెప్పాడు. వాళ్ల నాన్నతో అయితే "ప్రాజెక్ట్‌లో ఉన్నా" అన్నాడట. అబద్ధం కూడా కాదు. రోజుకి ఆరు గంటలు గోనెసంచిలో కూర్చునే ప్రాజెక్ట్. ఆ రోజు నేను వెళ్లింది వాణ్ని చూడటానికే. ముందు వాడే నన్ను చూశాడు.

ఆ రాత్రి వాడి హాస్టల్ రూములో సున్నుండలు తింటూ వాడు చెప్పిందంతా విన్నాను. లైన్లో జనం ఉలిక్కిపడేలా చేయడం తమాషా వ్యవహారం కాదనీ, మనం నాలుగేళ్లు చదివినదానికి దగ్గర చుట్టమనీ అప్పుడు అర్థమైంది. ఆ పనికి మన దగ్గర ఎవరూ హద్దులు గీయలేదన్న సంగతి మాత్రం మూడు నెలల తర్వాత తెలిసింది. వాడికి ఇంకొంచెం గట్టిగా తెలిసింది.

నలభై నిమిషాల లెక్క

ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే రోజుల్లో రోడ్డు పక్కన ట్రాక్టర్లు బారులు తీరడం చూస్తూ పెరిగినవాళ్లం మేం. లైన్ అంటే ఏంటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దానికో గణితం ఉందని మాత్రం ఇంజినీరింగ్‌కి వచ్చాకే తెలిసింది. 1909లో డెన్మార్క్‌కి చెందిన ఎర్లాంగ్ టెలిఫోన్ కాల్స్ రద్దీ మీద లెక్కలు కట్టి ఈ శాస్త్రానికి పునాది వేశాడు. 1961లో జాన్ లిటిల్ అనే ఆయన ఒక చిన్న సూత్రాన్ని నిరూపించాడు. లైన్లో ఉన్నవాళ్ల సంఖ్య కావాలంటే, గంటకు వచ్చేవాళ్ల సంఖ్యని ఒక్కొక్కరు వేచి ఉండే సమయంతో గుణిస్తే చాలు. అంతే. ఇంత సింపుల్ సూత్రానికి నిరూపణ దేనికని అప్పట్లో నేనూ నవ్వాను.

ఒక రైడ్‌కి 24 సీట్లున్నాయి, రెండు నిమిషాలకోసారి కదులుతుంది అనుకుందాం. గంటకు 720 మంది ఎక్కుతారు. లైన్లో 360 మంది ఉంటే చివరివాడికి అరగంట. ఇప్పుడు సరిగ్గా ఎక్కే గేటు దగ్గర ఒక దెయ్యం వేషగాణ్ని నిలబెట్టారు. జనం కేకలేసి, నవ్వుకుని, వాడితో సెల్ఫీ దిగి, సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకునేసరికి ప్రతి ట్రిప్పుకీ 20 సెకన్లు ఆలస్యం. చిన్నదే కదా? గంటకు 720 కాస్తా 617 అవుతుంది. చివరివాడి అరగంట 35 నిమిషాలవుతుంది. పది గంటల రోజులో వెయ్యిమందికి పైగా ఆ రైడ్ దొరకదు. జనాన్ని అలరించడానికి పెట్టిన మనిషి వల్లే లైను పెరిగిపోయిందన్నమాట.

మావాడు ఈ లెక్క ఎప్పుడూ వేయలేదు (ఆ సబ్జెక్టు వాడికి సప్లీ). కానీ వారం రోజుల్లో ఒంటికి పట్టించుకున్నాడు. "గేటు దగ్గర భయపెట్టకూడదు, లైను ఆగిపోద్ది. మలుపులో భయపెట్టాలి. అదీ ముందు నుంచి కాదు, వెనక నుంచి. ముందు నుంచి దూకితే జనం వెనక్కి పోతారు. వెనక నుంచి వస్తే ముందుకి పోతారు, లైను కదుల్తది" అన్నాడు. విదేశాల్లో దెయ్యాల కొంపలు నడిపేవాళ్లు కొత్తవాళ్లకి నేర్పే మొదటి పాఠాల్లో ఇదొకటి. మావాడికి ఎవరూ నేర్పలేదు.

ఇంకోటి కూడా చెప్పాడు. గుంపులో అందరికంటే ముందు నడిచేవాడు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాడు, వాణ్ని వదిలేయాలి. మధ్యలో ఎవరు పక్కవాళ్ల చెయ్యి పట్టుకున్నారో వాళ్లని చూడాలి. వాళ్లు కేక వేస్తే గుంపంతా వేస్తుంది. పాదాలు కనిపెట్టాలి, మొహాలు కాదు. కాలు తడబడుతున్నవాళ్ల జోలికి పోకూడదు. ఫోన్ చూస్తున్నవాడు తేలికైన బేరం, కానీ వాడి ఫోన్ కింద పడితే గొడవ మన మీదికే. ఒకసారి లేచాక మళ్లీ సంచిలా ముడుచుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో తెలిసుండాలి, లేకపోతే తర్వాతి గుంపుకి ముందే దొరికిపోతాం. ఇవన్నీ వింటుంటే వీడు ఇంటర్వ్యూల్లో ఎందుకు పోయాడో నాకు అర్థం కాలేదు. "నీ గురించి చెప్పు" అని కాకుండా "ఎదుటివాళ్ల గురించి చెప్పు" అని అడిగి ఉంటే మొదటి రౌండ్లోనే తీసుకునేవాళ్లు.

వేచి ఉండటానికి గడియారంతో సంబంధం తక్కువ. డేవిడ్ మైస్టర్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు 1985లో లైన్ల మానసిక శాస్త్రం మీద ఒక వ్యాసం రాశాడు. చేతిలో పని లేనప్పుడు సమయం సాగుతుంది, ఎంతసేపో తెలియనప్పుడు ఇంకా సాగుతుంది, ఎందుకు ఆగామో తెలియనప్పుడు మరీ సాగుతుంది. ఆయన చెప్పిన వాటిలో ముఖ్యమైనవి ఇవి. తిరుమల వెళ్లినవాళ్లకి ఆయన చెప్పక్కర్లేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లో కూర్చున్నప్పుడు పాలు, ప్రసాదం వచ్చినా, ఎవరో ఒకరు "గోవిందా" అన్నా, గంటలు కాస్త తేలికవుతాయి. టైమ్ స్లాట్ టోకెన్, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం లాంటివి మనకి ఎప్పట్నుంచో అలవాటే. అక్కడ భక్తి చేసే పనిని పార్కులో ఏదో ఒకటి చేయాలి. డబ్బిచ్చి లోపలికొచ్చినవాడికి ఓపిక తక్కువ.

గదే లిఫ్ట్ అయితే

ఈ కళలో పండిపోయినవాళ్లు అమెరికాలోని డిస్నీ ఇంజినీర్లు. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో 1969లో 'హాంటెడ్ మాన్షన్' తెరిచారు. అందులో ముందుగా ఒక చిన్న గదిలోకి పంపిస్తారు. తలుపు మూసుకుంటుంది. గోడలు సాగుతూ పైకి పోతున్నట్టు, బొమ్మలు పొడుగవుతున్నట్టు కనిపిస్తుంది. జనం గుండెలు అరచేతిలో పెట్టుకుంటారు. అసలు సంగతేంటంటే ఆ గది ఒక లిఫ్ట్. రైడ్ ఉన్న భవనం పార్కు చుట్టూ తిరిగే రైలు పట్టాలకి అవతల ఉంది. జనాన్ని పట్టాల కింద నుంచి అవతలికి చేర్చాలి, అందుకని కిందికి దింపుతున్నారు. సివిల్ సమస్యకి దెయ్యం కథతో పరిష్కారం! నాకు తెలిసిన ఇంజినీరింగ్ పరిష్కారాల్లో దీనికంటే అందమైనది ఇంకోటి లేదు.

అదే పార్కులో 1995లో వచ్చిన 'ఇండియానా జోన్స్' రైడ్ లైను ఇంకో మెట్టు పైన ఉంటుంది. పాడుబడ్డ గుడిలాంటి చోట నడుస్తూ పోవాలి. ఒక చోట వెదురు బొంగు ఆనించి ఉంటుంది. దాన్ని కదిపితే పైకప్పు మీద పడబోతున్నట్టు చప్పుడవుతుంది. ఇంకో చోట బావిలోకి తాడు వేలాడుతుంటుంది, లాగొద్దని బోర్డు పెట్టి ఉంటుంది. లాగొద్దంటే ఎవరు ఊరుకుంటారు? లాగితే బావిలోంచి ఎవరో అరుస్తారు.

ఈ తాడు దగ్గర నేను ఆగిపోయాను. అక్కడ ఉలికిపాటు ఎవరికి? లాగినవాడికి. లాగినవాడు ఏదో జరగాలని కోరుకునే లాగాడు. పక్కన చంటిపాపని ఎత్తుకున్న తల్లి లాగదు, ఆమె తన దారిన తను పోతుంది. ఎవరికి కావాలో వాళ్లే మీట నొక్కుకునే ఏర్పాటు అది. నా దృష్టిలో లైన్లో పెట్టే ప్రతి సర్‌ప్రైజ్‌కీ కొలబద్ద ఆ తాడే.

మనవాళ్లకీ ఇది కొత్త కాదు. మాకు ఎంతో దూరం లేని కూచిపూడి పేరు చెప్పగానే అందరూ నాట్యమే అనుకుంటారు. ఆ ఊరివాళ్లకి పగటివేషాలు కట్టిన చరిత్ర కూడా ఉంది. పట్టపగలు కోయదొరగానో, సోమయాజిగానో, అర్ధనారీశ్వరుడిగానో వేషం కట్టి జనం మధ్యలోకి నడిచొచ్చేవాళ్లు. అంగడి వాళ్లు ఒక్క క్షణం నిజమనుకునేవాళ్లు. స్టేజీ లేదు, తెర లేదు. ఆ కళలో అసలు నేర్పంతా ఎదుటివాడు ఎంతవరకు నమ్మాడు, ఎక్కడ ఆపాలి అన్న అంచనాలోనే ఉంది. నమ్మించినవాడే చివరికి నవ్వించి, సంభావన తీసుకుని వెళ్లాలి. తన్నులు తిని వెళ్తే వేషం కుదరనట్టు.

చిన్నప్పుడు ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్లకి వెళ్లేవాళ్లం. మాఘ శుద్ధ ఏకాదశి నుంచి 15 రోజులు. జెయింట్ వీల్ ఎక్కడం కంటే దాని కింద నిలబడి పైన అరిచేవాళ్లని చూడటమే నాకు ఇష్టంగా ఉండేది. దెయ్యాల కొంప అని రేకులతో కట్టిన డేరా బయట ముసుగేసుకున్న మనిషి ఒకడు అప్పుడప్పుడూ తెర తీసి తొంగిచూసి మళ్లీ లోపలికి పోయేవాడు. అంతే చేసేవాడు. ఆ ఒక్క తొంగిచూపుకే పదిమంది టికెట్ కొనేవాళ్లు, నాలాంటివాళ్లు ఇంకో పదిమంది అమ్మ కొంగు పట్టుకునేవాళ్లు. మేం దూరంగా నిలబడే వీలుంది. అదే అక్కడి తాడు.

బోర్డు మీద ఉన్నవాళ్లే లైన్లో ఉన్నారు

ఇప్పుడు మావాడి సంగతి. ఆ పార్కు పేరు రాయను. గోనెసంచి బాగా నడుస్తోందని ప్రమోషన్ ఇచ్చారు. మొహానికి రబ్బరు ముక్కలు అంటించి, పైన రంగులేసి, గోళ్లు పెట్టి కొత్త వేషం. పైనుంచి వచ్చిన ఆదేశం ఒక్కటే: లైన్లో ఎక్కడైనా సరే, ఎవరినైనా సరే, వీడియోలో బాగా పడాలి. ఒక సాయంత్రం రద్దీ ఎక్కువగా ఉంది. గేటు ముందు నాలుగు మెట్లున్న చోట నిలబడమన్నారు. వాడు వద్దన్నాడు. "నువ్వు చెప్పేదేంటి" అన్నారు. నిలబడ్డాడు, దూకాడు.

పైమెట్టు మీద ఒక మామ్మగారు ఉన్నారు. ఆవిడ రైడ్ ఎక్కడానికి రాలేదు. మనవడి బ్యాగు, చెప్పులు పట్టుకుని గేటు దాకా తోడొచ్చారు. ఉలిక్కిపడి వెనక్కి అడుగేశారు. వెనక మెట్టు లేదు. మణికట్టు విరిగింది. మావాడు పరుగెత్తి లేపబోయాడు. మొహానికి అంటించిన రబ్బరు ఊడి రాలేదు. వాడు మీదికి వంగితే ఆవిడ మళ్లీ కేక పెట్టింది.

"ఆ రెండో కేక నిద్రలో ఇప్పటికీ వినిపిస్తదిరా" అంటాడు.

మర్నాటి నుంచి రావద్దన్నారు. వాణ్ని పనిలో పెట్టింది పార్కు కాదు, మధ్యలో ఉన్న కాంట్రాక్టరు. చేతిలో అపాయింట్‌మెంట్ కాగితం లేదు. పదకొండు రోజుల కూలి ఆగిపోయింది. మెట్ల మీద నిలబెట్టినవాళ్లు ఎవరూ ఆ మాట అన్నట్టు ఒప్పుకోలేదు.

ప్రతి పెద్ద రైడ్ దగ్గరా ఒక బోర్డు ఉంటుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఎక్కకూడదని. బుద్ధిగా రాస్తారు. కానీ వీళ్లంతా ఎక్కడుంటారు? లైన్లో ఉంటారు. పిల్లల్ని గేటు దాకా దిగబెట్టడానికి, బ్యాగులు మోయడానికి, "జాగ్రత్త నాన్నా" అనడానికి. మన కుటుంబాలు పార్కుకి విడివిడిగా వెళ్లవు, తాతతో సహా వెళ్తాయి. రైడ్ నుంచి ఎవరినైతే బోర్డు తప్పించిందో, సరిగ్గా వాళ్లనే లైన్లోని దెయ్యం పట్టుకుంటుంది. దెయ్యాల కొంపలోకి టికెట్ కొని వెళ్లినవాడు భయపడటానికి ఒప్పుకున్నట్టే. రామోజీ ఫిల్మ్ సిటీలోని 'బోరాసుర' లాంటి చోటికి వెళ్లేవాడికి లోపల ఏముంటుందో ముందే ఒక అంచనా ఉంటుంది. రోలర్ కోస్టర్ లైన్లో నిలబడ్డవాడు ఒప్పుకున్నది రోలర్ కోస్టర్‌కి మాత్రమే.

"ఇంత సీరియస్ ఎందుకు బ్రో, సరదాయే కదా" అనేవాళ్లకి ఒక సంగతి గుర్తుచేస్తాను. 2019 నవంబరులో బెంగళూరులో ఏడుగురు కుర్రాళ్లు తెల్లబట్టలు, విగ్గులు పెట్టుకుని రాత్రిపూట రోడ్డు మీద వెళ్లేవాళ్లని దెయ్యాల్లా భయపెట్టి యూట్యూబ్ కోసం వీడియోలు తీశారు. పోలీసులు అరెస్టు చేశారు. అందరూ మీ వయసువాళ్లే. వాళ్లు చేసిందీ మావాడు చేసిందీ చూడ్డానికి ఒకటే. తేడా ఎక్కడుంది? టికెట్‌లో ఉందంటే నేను ఒప్పుకోను. ఎదుటివాడికి ముందే తెలుసా, వద్దనుకుంటే తప్పుకునే దారి ఉందా, ఇందులోనే ఉంది. ఈ రెండూ లేకపోతే పార్కు గోడ లోపల చేసినా అది ప్రాంకే.

దీనికి దారి లేక కాదు. కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫామ్ అనే పార్కు 1973 నుంచి హాలోవీన్ సీజన్లో దెయ్యాల రాత్రులు నడుపుతోంది. యూనివర్సల్ వాళ్లు ఫ్లోరిడాలో 1991లో మొదలుపెట్టారు. అవి రాత్రిపూట, వేరే టికెట్‌తో జరుగుతాయి. చిన్నపిల్లల్ని తీసుకురావద్దని ముందే చెబుతారు. వేషగాళ్లు నిన్ను ముట్టుకోరు, నువ్వు వాళ్లని ముట్టుకోకూడదు. అమెరికాలో కొన్ని పార్కులు మెడలో వేసుకునే వెలిగే హారాలు అమ్ముతాయి. అది వేసుకున్నవాళ్ల జోలికి దెయ్యం రాదు. ధైర్యానికి డబ్బులు తీసుకోవడమేంటని నాకు నవ్వొచ్చింది కానీ ఆలోచన మంచిది. మన పార్కులైతే ఆ హారాన్ని ఉచితంగా ఇస్తే బాగుంటుంది. చేతికి కట్టే రంగు రిబ్బన్ అయినా చాలు.

మనం ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన కారణం ఒకటుంది. మన లైన్లు ఒత్తుగా ఉంటాయి. చదరపు మీటరుకు ఐదారుగురు దాటితే మనిషి తన అడుగు తను వేయలేడు, గుంపు ఎటు తోస్తే అటే. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. అక్కడ ఎవరూ ఎవరినీ భయపెట్టలేదు. అలాంటి ఒత్తిడి ఉన్న చోట కావాలని ఒక కేక పుట్టించడం ఎంత దుస్సాహసమో ఊహించుకోండి. చీకటి, సన్నటి దారి, తేలిగ్గా అంటుకునే అలంకరణ కలిస్తే ఏమవుతుందో కూడా లోకానికి తెలుసు. 1984 మే 11న అమెరికాలోని న్యూజెర్సీలో ఒక పార్కులోని 'హాంటెడ్ కాజిల్' కాలిపోయి ఎనిమిది మంది టీనేజర్లు చనిపోయారు. మన దేశంలో రాజ్‌కోట్ గేమ్ జోన్ మంటల్లో 2024 మే 25న పాతిక మందికి పైగా పోయారు. దెయ్యం పక్కన 'బయటికి దారి' అని వెలిగే బోర్డు ఉంటే కథ చెడిపోతుందని అనేవాళ్లు ఉంటారు. చెడిపోనివ్వండి.

ఈ ఉద్యోగానికి వెళ్తే

ఇంతా చెప్పి ఈ పని వద్దంటానని అనుకోకండి. వద్దనను. మీలో నటన ఉన్నవాళ్లు, డిగ్రీ చేస్తూ వారాంతాల్లో నాలుగు డబ్బులు సంపాదించుకోవాలనుకునేవాళ్లు ఉన్నారు. అమ్మాయిలు కూడా ఈ వేషాలు కడుతున్నారు, బాగా కడుతున్నారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆరు గంటలు రబ్బరు మాస్కులో ఉండి, ఒకే కేకని రెండొందల సార్లు కొత్తగా వేయడం ఏసీలో కూర్చుని టికెట్లు క్లోజ్ చేసినంత తేలిక కాదు. రెండోది నేను చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

కానీ చేరే ముందు మొహమాటం లేకుండా అడగండి. జీతం ఇచ్చేది పార్కా, కాంట్రాక్టరా? కాగితం మీద ఏం రాసి ఇస్తున్నారు? పదిమందికి పైగా పనిచేసే చోట, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్ఐ మీ హక్కు, నంబరు అడగండి. భయపడినవాడు తెలియకుండానే చెయ్యి విసురుతాడు, మావాడి ముక్కుకి రెండుసార్లు తగిలింది. వైద్యం ఖర్చు ఎవరిది? ఎంతసేపటికోసారి మాస్కు తీసి నీళ్లు తాగనిస్తారు? ఎక్కడ నిలబడాలో ఎవరు నిర్ణయిస్తారు, "ఇక్కడ వద్దు" అనే అధికారం మీకు ఉందా? ఈ చివరి ప్రశ్నకి మొహం చిట్లిస్తే ఆ ఉద్యోగం వదిలేయండి. మావాడు ఆ రోజు వద్దన్నాడు. ఆ మాటకి విలువ లేకపోయింది.

మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకి ఇంకో తలుపు ఉంది, దాన్ని ఎవరూ తట్టడం లేదు. లైన్లో ఉలిక్కిపడేలా చేసే బొమ్మల్లో చాలావరకు మనం ల్యాబ్‌లో చూసినవే. మనిషి అడుగు పడితే తెలిసే ప్రెషర్ మ్యాట్ లేదా ఒంటి వేడిని పసిగట్టే సెన్సార్, గాలి ఒత్తిడితో కదిలే సిలిండర్, దానికి ఒక సోలినాయిడ్ వాల్వ్, వీటన్నిటినీ నడిపే పీఎల్‌సీ, లైట్లకి డీఎంఎక్స్. ఇందులో అసలు ఇంజినీరింగ్ బొమ్మని బయటికి దూకించడం కాదు. కరెంటు పోయినప్పుడు ఆ బొమ్మ చెయ్యి దారికి అడ్డంగా ఉండిపోకుండా దానంతటదే లోపలికి పోయేలా చేయడం. ఎమర్జెన్సీ బటన్ నొక్కితే దెయ్యం ఆగి, దీపాలు వెలిగి, దారి కనిపించేలా చేయడం. ఫైనలియర్ ప్రాజెక్ట్‌కి మళ్లీ లైన్ ఫాలోవర్ రోబోనే చేసేవాళ్లు ఒక్కసారి దీని గురించి ఆలోచించొచ్చు. తాడు లాగితే అరిచే బావిని మీరు ఒక సెమిస్టర్లో కట్టగలరు.

వండర్‌లా 2016లో హైదరాబాద్‌లో తెరిచింది, కొన్ని రైడ్లని ఆ కంపెనీ సొంతంగా తయారుచేసుకుంటుంది. పార్కు అంటే మనకి టికెట్, నీళ్లలో ఆట. లోపలివాళ్లకి అది రోజూ గేటు తెరవకముందే ఖాళీ సీట్లతో రైడ్ తిప్పి చూసుకునే ఒక చిన్న ఫ్యాక్టరీ. మెయింటెనెన్స్, ఆపరేషన్స్, భద్రత, లైన్ల నిర్వహణ, అన్నిటికీ మనుషులు కావాలి. 'పార్కులో ఉద్యోగమా' అని నవ్వే బంధువులకి ఈ సంగతి తెలియదు. మీకూ తెలియకపోతే ఎలా?

మావాడు ఇప్పుడు ఇంకో రాష్ట్రంలో ఒక పార్కులో రైడ్ ఆపరేటర్. సప్లీలు కట్టేశాడు. వాళ్ల నాన్నకి నిజం చెప్పాడు. ఆయన కాసేపు ఊరుకుని "దెయ్యంగా నెలకి ఎంతిచ్చేవాళ్లురా" అని అడిగారట.

మొన్న సెలవుకి వచ్చినప్పుడు ఇద్దరం మా ప్రాంతంలోనే ఒక జాతరకి వెళ్లాం. అక్కడా రేకుల దెయ్యాల కొంప ఉంది. బయట లైను. తెర చాటు నుంచి మాస్కు వేసుకున్న కుర్రాడొకడు వచ్చి జనం మీదికి దూకుతున్నాడు, సరిగ్గా ఎక్కే చెక్కమెట్ల దగ్గర. మావాడు నాతో మాట్లాడటం ఆపేసి ఆ మెట్లకేసే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పక్క బడ్డీలో ఒక నీళ్ల బాటిల్ కొని తెర వెనక్కి వెళ్లాడు. ఐదు నిమిషాలకి ఇద్దరూ బయటికొచ్చారు. కుర్రాడు మాస్కు నుదుటి మీదికి ఎత్తుకుని గటగటా నీళ్లు తాగుతున్నాడు, ఒళ్లంతా చెమట. మావాడు రేకు మూల దగ్గర నేల చూపించి, అక్కడ నిలబడమని చెబుతున్నాడు. మెట్లకి ఆరడుగుల అవతల.

"నువ్వెవరన్నా?" అని కుర్రాడు అడగడం వినిపించింది.

మావాడేం చెప్పాడో జాతర మైకుల గోలలో నాకు వినపడలేదు. కుర్రాడు మాత్రం మాస్కు కిందికి లాక్కుని ఆ మూలకే వెళ్లి నిలబడ్డాడు.